సంక్రాంతికి హయసింత్ పూయాలంటే లెక్క ఎక్కణ్ణుంచి మొదలవ్వాలి?

దసరా దాటిందంటే చాలు, వైజాగ్‌లో మొక్కల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కలిసిన చోటల్లా ఒక ప్రశ్న వస్తుంది. సువాసన పూలిచ్చే హయసింత్ దుంపలు ఆన్‌లైన్‌లో తెప్పించాం, ఎప్పుడు నాటాలి? ఒకరు అక్టోబరు అంటారు. ఇంకొకరు వానలు పూర్తిగా తగ్గాక నవంబరు చివర్లో పెట్టమంటారు. పార్సిల్ విప్పిన రోజే కుండీలో పెట్టేయమనే వాళ్లూ ఉన్నారు. ఈ మూడు మాటలూ ఎక్కడో ఒకచోట నిజమే. చలి దేశాల్లో, చలి కొండల మీద నాటే తేదీయే అన్నిటికీ మూలం, ఎందుకంటే నాటిన మర్నాటి నుంచి దుంపకు కావలసిన చలిని అక్కడి నేలే ఇస్తుంది. వైజాగ్ నేల ఆ పని చెయ్యదు.

కాబట్టి మన ఊళ్లో పువ్వు ఏ రోజుకు కావాలో ముందు అనుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. ఆ లెక్కలో ఎక్కువ భాగం ఫ్రిజ్‌లోనే గడిచిపోతుంది. కుండీ వంతు చివర్లో వస్తుంది. ఎందుకలా అన్నది ఒక్కసారి అర్థమైతే ఎవరి తేదీలు వాళ్లే వేసుకోవచ్చు.

ఏ మొక్క గురించి మాట్లాడుతున్నామో ముందే చెప్పుకుందాం. చెరువుల్ని, కాలవల్ని కమ్మేసే గుర్రపుడెక్కను ఇంగ్లిషులో వాటర్ హయసింత్ అంటారు, అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన వేరే మొక్క. మనం చెప్పుకునేది దుంప నుంచి పుట్టి, దట్టమైన పూలకంకి వేసి, గదంతా ఘాటైన సువాసనతో నింపే హయసింతస్ ఓరియంటాలిస్. దీని పుట్టిల్లు టర్కీ, సిరియా, లెబనాన్ ప్రాంతాలు. వృక్షశాస్త్రం ప్రకారం మన పిల్లిపీచర కుటుంబానికే చెందింది, నేలసంపెంగ కూడా అదే కుటుంబం. 16వ శతాబ్దంలో యూరప్‌కు చేరింది. ఆ తర్వాత డచ్చివాళ్లు, ముఖ్యంగా హార్లెం చుట్టుపక్కల ఇసుక నేలల రైతులు, దాన్ని ఈనాటి రూపానికి తెచ్చారు. 1893 నాటి పసుపు రకం 'సిటీ ఆఫ్ హార్లెం' ఇప్పటికీ అమ్ముడవుతోంది.

ఆ పుట్టింటి వాతావరణం గుర్తుంచుకోవాలి. అక్కడ ఎండాకాలం పొడిగా, మండుతూ ఉంటుంది. చలికాలం నిజమైన చలికాలం. వసంతం చిన్నది. హయసింత్ ఒంట్లో ఈ వరుస అంతా రాసి ఉంది: వేడి, తర్వాత సుదీర్ఘమైన చలి, ఆ తర్వాత కొద్దిపాటి వెచ్చదనం. వరుస తప్పినా, మధ్యలో ఒక భాగం తగ్గినా పువ్వు సరిగ్గా రాదు. కాలం కాని కాలంలో ఇంట్లో పూయించడమంటే ఆ వరుసను మనం చేత్తో నడపడమే.

దుంప లోపల జరిగే రెండు పనులు

సెప్టెంబరు చివర్లో చేతికొచ్చిన ఒక మంచి దుంపను నిలువునా కోసి చూస్తే విషయం కళ్లకు కడుతుంది. ఒక దుంప పోతుంది నిజమే, కానీ నేర్చుకునేది చాలా ఉంటుంది. చేతికి గ్లౌజులు వేసుకుని, పదునైన కత్తితో కొన నుంచి అడుగు దాకా రెండు చెక్కలు చెయ్యండి. బయట మందపాటి తెల్లటి పొరలు, జిగురు. అడుగున గట్టిగా, బిళ్లలా ఒక భాగం, వేళ్లు పుట్టేది అక్కణ్ణుంచే. ఆ బిళ్ల మీద, పొరలన్నిటి నడుమ, లేతాకుల మధ్య పాలుపోసుకోని జొన్నకంకిని గోరంతకు కుదించినట్టు ఒక ముద్ద కనిపిస్తుంది. లేత పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగు. భూతద్దం ఉంటే ఒక్కొక్క మొగ్గనూ విడిగా చూడొచ్చు. జనవరిలో పూయాల్సిన పువ్వు సెప్టెంబరు చివరికే మొత్తం తయారై కూర్చుంది.

అది తయారైంది చలిలో కాదు, ఎండాకాలపు వేడిలో. నెదర్లాండ్స్‌లో జూన్ ప్రాంతంలో దుంపల్ని తవ్వి తీస్తారు. అప్పటికి వాటిలో పువ్వు ఆనవాలు ఉండదు. గోదాముల్లో వెచ్చగా ఉంచితే వారాల వ్యవధిలో లోపల మొగ్గలు ఏర్పడతాయి. అక్కడి వాగెనింగెన్ పట్టణంలో బ్లావ్ అనే శాస్త్రవేత్త 1920ల్లో దీన్ని ఓపికగా పరిశీలించి, హయసింత్‌లో పువ్వు ఏర్పడటానికి 25.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా అనుకూలమని తేల్చాడు. ఆ అంకె ఇప్పటికీ దుంపల గోదాముల్లో నడుస్తోంది.

మరి చలి ఎందుకు? కాడ సాగడానికి. క్యాబేజీ లాంటి మొక్కలకు చలి తగిలితేనే పూత పుట్టాలన్న ఆలోచన వస్తుంది. హయసింత్‌కు పూత ముందే పుట్టింది, దాన్ని బయటికి నెట్టే శక్తి ఇంకా రాలేదు. వారాల తరబడి చల్లగా ఉంటే దుంప పొరల్లో దాచుకున్న పిండిపదార్థం చక్కెరలుగా మారుతుంది, కాడ కణాలు సాగడానికి సిద్ధమవుతాయి, తేమ దొరికితే కింద వేళ్లు దిగుతాయి. బయట చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. అసలు పని అప్పుడే జరుగుతోంది.

చలి చాలకపోతే ఏమవుతుందో వైజాగ్‌లో చాలామంది చూసే ఉంటారు. ఆకులు రెండంగుళాలు లేస్తాయి. వాటి మధ్యలో, దుంప మెడ దగ్గరే, కాడ లేకుండా నాలుగైదు పూలు విచ్చుకుంటాయి. పై మొగ్గలు ఆకుపచ్చగానే ఉండి ఎండిపోతాయి. వెంటనే అమ్మినవాణ్ణి తిట్టుకుంటాం, నకిలీ దుంప అంటగట్టాడని. పది సందర్భాల్లో తొమ్మిది సార్లు దుంపది గానీ అమ్మినవాడిది గానీ తప్పు ఉండదు. దాని వేడి పని పూర్తయింది, చలి పని సగంలో ఆగిపోయింది.

'ప్రిపేర్డ్' అని రాసి ఉంటే

గందరగోళమంతా ఇక్కడే ఉంది. దీన్ని విడదీసి చెప్పుకోవడం అవసరం.

మామూలు దుంపకు 12 నుంచి 14 వారాల చలి కావాలి. దాని లోపలి పువ్వు సెప్టెంబరు చివరికి గానీ పూర్తవదు కాబట్టి, చలి అక్టోబరులో మొదలై, పువ్వు జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. క్రిస్మస్‌కు పూలు కావాలనుకునే యూరప్‌లో ఇది వ్యాపారానికి పెద్ద అడ్డంకి. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో నెదర్లాండ్స్‌లోని లిస్సేకు చెందిన నికోలాస్ డామెస్ దానికి దారి చూపించాడు. దుంపల్ని మామూలుకన్నా ముందే తవ్వి, ఎక్కువ వేడిలో పెట్టి, పువ్వు ఏర్పడే పనిని కొన్ని వారాలు ముందుకు జరిపే పద్ధతి అది. ఇప్పుడు గోదాముల్లో 30 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, 25.5కు, 23కు, ఇంకా కిందికి మెట్లు మెట్లుగా దింపుతారు. ఇలా తయారైన వాటినే ప్రిపేర్డ్ దుంపలంటారు.

గమనించండి, ఇందులో ఎక్కడా చలి లేదు. జరిగిందంతా వేడి చికిత్స. దానివల్ల రెండు లాభాలు: సెప్టెంబరు రెండో సగంలోనే చలి మొదలుపెట్టొచ్చు, చలి కూడా 10 వారాలతో సరిపోవచ్చు. 'ప్రిపేర్డ్' అని పెట్టె మీద చూసి, చలి అయిపోయిందనుకుని నేరుగా బాల్కనీ కుండీలో పెడితే ఆకుల మధ్య ఇరుక్కున్న పువ్వే వస్తుంది.

ప్రీ-చిల్డ్ అనేది వేరే సంగతి. వ్యాపారి ముందే కోల్డ్ స్టోరేజీలో వారాలపాటు చల్లబరిచి పంపేవి అవి. ఢిల్లీలో శాంతిపథ్ పక్కన ఫిబ్రవరిలో పూసే తులిప్‌ల వెనక ఉన్నది ఈ ఏర్పాటే. హయసింత్‌లోనూ ఇలాంటివి దొరుకుతాయి. కానీ మన దగ్గర అమ్మేవాళ్లు ఈ రెండు మాటల్నీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. అందుకని కొనేముందు సూటిగా అడగండి: ఎన్ని వారాలు, ఎన్ని డిగ్రీల్లో ఉంచారు? ఈ ప్రశ్నకు అంకెలతో జవాబొస్తే దాన్ని మీ లెక్కలో కలుపుకోవచ్చు. "అన్నీ చేసే పంపుతామండీ" అని వస్తే చలి సున్నా అనుకునే మొదలుపెట్టాలి. చల్లబరిచి పంపారని తెలిసినా, తర్వాత అవి 30 డిగ్రీల గోదాములో రెండు మూడు వారాలు పడి ఉంటే ఆ చలిని నమ్ముకోకపోవడమే క్షేమం.

ఇంకో విషయం, దుంప పరిమాణం. చుట్టుకొలత సెంటీమీటర్లలో చెప్తారు. 14, 15 సైజువి తోటల్లో మడులకు. గాజు పాత్రలోనో చిన్న కుండీలోనో పూయించాలంటే 17, 18 లేదా అంతకు మించి ఉండాలి. దర్జీ టేపుతో కొలవొచ్చు. దుంపలో ఉన్న నిల్వే పువ్వుకు ఆహారం, మనం వేసే ఎరువు అది పూసే లోపల పెద్దగా ఏమీ చెయ్యదు.

విశాఖ లెక్క

మన ఊరి సంగతికొస్తే, జనవరిలో కూడా రాత్రి ఉష్ణోగ్రత సుమారు 18 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, పగలు 28 దాకా పోతుంది. హయసింత్ వేళ్లు దింపుకోవడానికి బాగా ఇష్టపడేది 9 డిగ్రీలు. కాబట్టి చలి భాగమంతా ఫ్రిజ్‌దే, అందులో రెండో మాట లేదు.

చాలామంది మర్చిపోయే సమస్య ఇంకొకటుంది. ఫ్రిజ్ నుంచి తీశాక దుంపకు 15 నుంచి 18 డిగ్రీల చల్లని గది దొరికితే కాడ నిదానంగా సాగుతుంది, పువ్వు రెండు వారాల దాకా నిలుస్తుంది. 30 డిగ్రీల్లో పెడితే మొగ్గలు తొందరపడి విచ్చుకుని, నాలుగైదు రోజుల్లో వాడిపోతాయి. అంటే వైజాగ్‌లో పువ్వు తెరవడానికి తగిన సమయం చిన్నది: డిసెంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా. శివరాత్రి దగ్గరపడే కొద్దీ ఎండ ముదురుతుంది. ఉగాదికి హయసింత్ పూయించాలన్న కోరిక మన తీరంలో నెరవేరదు, ఆ ప్రయత్నానికి డబ్బు పెట్టొద్దు.

ఇప్పుడు వెనక్కి లెక్కేద్దాం. ఫ్రిజ్ నుంచి తీసిన దగ్గర్నుంచి పువ్వు తెరిచేదాకా మన వెచ్చదనంలో రెండు నుంచి మూడు వారాలు పడుతుంది, 20 రోజులనుకుందాం. జనవరి 14 సంక్రాంతికి పువ్వు కావాలంటే డిసెంబరు 25న బయటికి తీయాలి. దానికి 12 వారాలు ముందు అంటే అక్టోబరు 2. ఆ రోజుకు దుంపలు ఫ్రిజ్‌లో ఉండాలి. జనవరి 26కు కావాలంటే అక్టోబరు 14. క్రిస్మస్‌కు కావాలంటే ప్రిపేర్డ్ దుంపలైతేనే ఆలోచించాలి: డిసెంబరు 5న తీయాలి, 10 వారాలు వెనక్కి వెళ్తే సెప్టెంబరు 26. సరుకు అప్పటికి ఇంటికి రావడం కష్టం, అందుకే వైజాగ్‌లో క్రిస్మస్ హయసింత్‌ను నేనెవరికీ సలహా ఇవ్వను.

నిజానికి చాలామందికి పార్సిల్ అందేది అక్టోబరు ఆఖర్లోనో నవంబరులోనో. అక్టోబరు 25న ఫ్రిజ్‌లో పెడితే 12 వారాలు జనవరి 17కు పూర్తవుతాయి, పువ్వు ఫిబ్రవరి మొదటి వారంలో. పర్వాలేదు. నవంబరు 15న మొదలుపెడితే ఫిబ్రవరి 7కు తీస్తాం, ఆ నెలాఖరుకు పువ్వు. అప్పుడు ఏసీ గది తప్పదు. డిసెంబరులో అందిన దుంపలతో ఇక్కడ ఏమీ చేయలేం, కొండ మీదో ఉత్తరాదిలోనో ఉన్నవాళ్లకు ఇచ్చేయడమే మంచిది.

మామూలు దుంపకు 12 వారాలన్నది కనీసం. దాన్ని తగ్గించే కిటుకు ఏదీ లేదు. పెంచడానికి మాత్రం కొంత వీలుంది. ఒకటి రెండు వారాలు ఎక్కువైనా నష్టం లేదు, మరీ ఎక్కువైతే తీశాక కాడ పొడుగ్గా సాగి, పూలబరువుకు వాలిపోతుంది. ఆరు దుంపలుంటే అన్నీ ఒకే రోజు ఫ్రిజ్‌లో పెట్టి, తీసేటప్పుడు వారానికి రెండు చొప్పున తీస్తే సంక్రాంతి నుంచి నెలాఖరు దాకా ఇంట్లో ఏదో ఒకటి పూస్తూనే ఉంటుంది. నాకు నచ్చిన పద్ధతి ఇదే.

పార్సిల్ రాగానే "కాస్త గాలి పోసుకోనీ" అని వంటింటి గట్టు మీద వారం పది రోజులు వదిలేయకండి. ప్రిపేర్డ్ దుంపకు 25 డిగ్రీలు దాటిన గదిలో గడిచే ప్రతి రోజూ, ముందు చేసిన చికిత్స ప్రయోజనాన్ని తినేస్తుంది. విప్పి చూసి, మెత్తబడినవి, కుళ్లు వాసన వేసేవి పక్కనపెట్టి, మిగతావి ఆ రోజే ఫ్రిజ్‌లోకి.

ఫ్రిజ్‌లో పన్నెండు వారాలు

ఇంటి ఫ్రిజ్ సాధారణంగా 3 నుంచి 5 డిగ్రీల మధ్య ఉంటుంది. 9 కాకపోయినా పని జరుగుతుంది, కాస్త నిదానంగా. అడుగున కూరగాయల ట్రే కొంచెం వెచ్చగా ఉంటుంది కాబట్టి అక్కడ పెట్టడం మేలు. చిన్న థర్మామీటరు ఒకటి లోపల ఉంచితే ఊహలతో పని ఉండదు. ఇంట్లో పాత సింగిల్ డోర్ ఫ్రిజ్ మూలన పడి ఉంటే, దాని నాబ్‌ను తక్కువలో పెట్టి ఈ పనికే కేటాయించండి, అంతకన్నా మంచి ఏర్పాటు లేదు. ఫ్రీజర్ జోలికి, దానికి ఆనుకుని ఉండే అరల జోలికి పోవద్దు. గడ్డకట్టిన దుంప మళ్లీ కోలుకోదు.

ఆ ఫ్రిజ్‌లో పండ్లు ఉండకూడదు. ఇది వింటున్నంత చిన్న విషయం కాదు. పండే పండు ఇథిలీన్ అనే వాయువును వదులుతుంది. దుంప లోపల ఉన్న లేత మొగ్గలకు అది విషం. మూసిన డబ్బాలో, చల్లటి గాలిలో, వారాల తరబడి ఆ వాయువు తగిలితే మొగ్గలు లోపలే ఎండిపోతాయి. బయటికి తీశాక ఆకులు బాగానే వస్తాయి, మధ్యలో పువ్వు బదులు గోధుమరంగు పీచు ఉంటుంది. యాపిల్, అరటి, టమాటా, సపోటా, జామ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. దుంపలు ఫ్రిజ్‌లో కూర్చునే అక్టోబరు, నవంబరు నెలలే సీతాఫలాల కాలం. ఏజెన్సీ నుంచి దిగిన కాయల్ని ఇంట్లో మగ్గబెట్టి, మెత్తబడ్డవాటిని రాత్రి ఫ్రిజ్‌లోకి నెట్టడం ప్రతి ఇంట్లో జరిగేదే. దుంపలు ఫ్రిజ్‌లో ఉన్నన్నాళ్లూ పండ్లకు వేరే చోటు చూసుకోలేకపోతే హయసింత్ జోలికి వెళ్లకపోవడం నయం.

దుంపల్ని ప్లాస్టిక్ కవర్లో కట్టేయకండి, చెమట పట్టి బూజు వస్తుంది. కాగితపు సంచి, లేదా వల సంచి. పైపొర మీద నీలం పచ్చ బూజు కొద్దిగా కనిపిస్తే పొడిగుడ్డతో తుడిస్తే చాలు. అడుగు బిళ్ల మెత్తబడితే మాత్రం పారేయాలి. సంచి మీద పెద్ద అక్షరాలతో 'తినకూడదు' అని రాసి, ఫ్రిజ్ ముట్టుకునే ప్రతి మనిషికీ నోటితో కూడా చెప్పండి. చూడ్డానికి ఇవి అచ్చం ఉల్లిపాయలే, తింటే కడుపునొప్పి, వాంతులు ఖాయం. పొరల్లో ఉండే సూదుల్లాంటి సన్నని స్ఫటికాల వల్ల చేతులకు దురద కూడా పుడుతుంది, గ్లౌజులు అందుకే. కుక్కలు, పిల్లులు ఉన్న ఇళ్లలో ఇంకా జాగ్రత్త.

పన్నెండు వారాలూ పొడి దుంపను సంచిలోనే ఉంచాలా, లేక మొదటి రోజే కుండీలో పెట్టి కుండీతో సహా ఫ్రిజ్‌లో పెట్టాలా అన్నది పాత వాదన. చలి దేశాల్లో కుండీలోనే చల్లబరుస్తారు, ఎందుకంటే చలిలోనే వేళ్లు గట్టిగా దిగుతాయి. పొడిగా చల్లబరిచిన దుంపను నేరుగా మన 28 డిగ్రీల గదిలో నాటితే వేళ్లు పుట్టకముందే పైన మొలక పరుగెడుతుంది, నీళ్లందక కంకి బక్కచిక్కుతుంది. అలాగని మూడు నెలలు కుండీలకు చోటిచ్చే ఫ్రిజ్ ఏ ఇంట్లో ఉంటుంది? నడిమి దారి పట్టడం నాకు సబబుగా తోస్తుంది. మొదటి ఏడెనిమిది వారాలు కాగితపు సంచిలో, ఆఖరి నాలుగైదు వారాలు చిన్న కుండీలోనో గాజు పాత్రలోనో, ఫ్రిజ్‌లోనే. సంక్రాంతి లెక్కలో ఇది నవంబరు ఆఖరు. మొదట్లో అడిగిన 'ఎప్పుడు నాటాలి' అన్న ప్రశ్నకు మన ఊరి జవాబు కూడా ఇదే తేదీ.

కుండీ మిశ్రమం తేలిగ్గా, నీరు నిలవకుండా ఉండాలి, కోకోపీట్‌లో (కొబ్బరిపీచు పొడి) మూడో వంతు ఇసుక కలిపితే సరిపోతుంది. దుంప భుజాలు పైకి కనిపించేలా పెట్టాలి, పూర్తిగా పూడ్చకూడదు. గాజు పాత్రలో అయితే నీటికీ దుంప అడుగుకూ మధ్య సన్నని ఖాళీ ఉండాలి. వేళ్లు నీటిని వెతుక్కుంటూ కిందికి దిగుతాయి, దుంప తడిస్తే కుళ్లిపోతుంది.

ఇక కరెంటు. ఇది మన తీరానికి ప్రత్యేకమైన టెన్షన్. చలి మొదలయ్యే అక్టోబరు, నవంబరు బంగాళాఖాతంలో తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ నగరం రోజుల తరబడి చీకట్లో ఉన్న సంగతి ఎవరూ మర్చిపోలేదు. నాలుగైదు గంటల కోతకు భయపడక్కర్లేదు, తలుపు తీయకుండా ఉంటే లోపలి చల్లదనం నిలుస్తుంది. ఒకటి రెండు రోజులు పోతే ఆ రోజుల్ని చివర్లో కలపండి. అంతకు ముందు పోగైన చలి ఒక్క రోజు వెచ్చదనానికి చెరిగిపోదు. మూడు నాలుగు రోజులు దాటేలా ఉంటే జనరేటర్ ఉన్న ఇంటికి సంచి తరలించడం మంచిది. తుపాను కన్నా ఎక్కువగా జరిగే నష్టం ఇంకొకటి: దీపావళికి సొంతూరు వెళ్తూ ఫ్రిజ్ స్విచ్చి ఆపేసి వెళ్లడం.

బయటికి తీసే రోజు

క్యాలెండరు చెప్పిన రోజు రాగానే తీసేయకుండా, దుంపనూ అడగాలి. మొలక నాలుగైదు సెంటీమీటర్లు లేచిందా? కుండీ అడుగు రంధ్రంలో తెల్లటి వేళ్లు కనిపిస్తున్నాయా? మూడో పరీక్ష అన్నిటికన్నా నమ్మకమైనది. మొలక మొదట్లో, దుంప మెడకు కాస్త పైన, బొటనవేలు, చూపుడువేలు మధ్య మెల్లగా నొక్కి చూడండి. లోపల గుండ్రంగా, గట్టిగా మొగ్గల ముద్ద తగిలితే కంకి మెడ దాటి పైకొచ్చిందని అర్థం. ఆ చోట మెత్తగా, ఉత్త ఆకుల్లా అనిపించి, గట్టిదనం ఇంకా కింద దుంపలోనే ఉంటే మరో వారం లోపల ఉంచాలి. తొందరపడి తీస్తే చివరి నిమిషంలో పన్నెండు వారాల కష్టం పోతుంది.

తీశాక నేరుగా ఎండ బాల్కనీలో పెట్టకూడదు. ఇంట్లో అన్నిటికన్నా చల్లని మూల వెతకండి, ఉత్తరం వైపు గది అయితే బాగుంటుంది. మొదటి నాలుగైదు రోజులు మసక వెలుతురు చాలు. మొలక లేత పసుపు నుంచి ఆకుపచ్చకు తిరిగాక కిటికీ దగ్గరికి జరపొచ్చు. కాడ పొట్టిగానే ఆగిపోయేలా కనిపిస్తే నల్లకాగితంతో శంఖంలా పొట్లం చుట్టి మొలక మీద బోర్లిస్తే, చీకట్లో వెలుగు కోసం కాడ సాగుతుంది. ఇది యూరప్ ఇళ్లలో ఎప్పట్నుంచో వాడే ఉపాయం, మన వేడిలో ఇంకా ఎక్కువ పనికొస్తుంది. రాత్రి ఏసీ వేసుకునే గది ఉంటే కుండీ అక్కడ పడుకోవాలి, గాలి సూటిగా తగలకుండా. బీచ్ రోడ్డు వైపు ఫ్లాట్లలో సముద్రపు ఉప్పుగాలి ఆకు కొసల్ని మాడుస్తుంది కాబట్టి కిటికీ మూసే ఉంచాలి.

అరకు, లంబసింగి పేర్లు ఈ మాటల్లో తప్పకుండా వస్తాయి. లంబసింగిలో మంచు పడుతుందంటారు కదా, దుంపల్ని అక్కడ నాటితే ఫ్రిజ్ అవసరమేముంది అని అడుగుతారు. చింతపల్లి మండలంలోని ఆ ఊళ్లో డిసెంబరు, జనవరి రాత్రులు ఒంటి అంకెలోకి దిగుతాయి, నిజమే. కానీ తెల్లారి పొగమంచు విడిచాక పగలు 20 దాటిపోతుంది, ఆ గట్టి చలి కూడా కొన్ని వారాలే. హయసింత్ అడిగేది పగలూ రాత్రీ ఎడతెగని మూడు నెలల చలి. ఆ కొరతను లంబసింగి తీర్చలేదు, శ్రీనగర్ తీరుస్తుంది, అక్కడి తులిప్ తోటలో హయసింత్ ఆరుబయటే పూస్తుంది. అయితే మన్యం కొండలు వేరే విధంగా మనకు అక్కరకొస్తాయి. వైజాగ్ ఫ్రిజ్‌లో పన్నెండు వారాలు పూర్తిచేసిన కుండీని జనవరి మొదట్లో పాడేరులోనో అరకులోనో ఉన్న బంధువుల ఇంటికి చేర్చగలిగితే, కాడ తీరిగ్గా సాగుతుంది, పువ్వు దాని నిండు ఆయుష్షు బతుకుతుంది. తీరంలో ఫ్రిజ్, కొండ మీద గది. రెండూ చేతిలో ఉన్న కుటుంబాలు ఉత్తరాంధ్రలో తక్కువేమీ కాదు, ఈ సదుపాయం ఇంత దగ్గరలో ఉండి ఎవరూ వాడుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

పూత అయిపోయాక దుంపను దాచిపెట్టి వచ్చే ఏడాదికి వాడుకోవచ్చా అని అడిగితే, వైజాగ్‌లో కుదరదు. ఇంట్లో పూయించిన దుంప తన నిల్వనంతా ఖర్చుపెట్టేస్తుంది. మళ్లీ బలపడాలంటే చల్లని వసంతంలో రెండు మూడు నెలలు పచ్చటి ఆకులతో నేలలో ఉండాలి. మన మార్చి ఎండకు ఆ ఆకులు నిలవవు. కంపోస్టులో వేసేయండి.

ఫ్రిజ్‌లో చోటు లేనివాళ్లు, పండ్లు తప్పించలేనివాళ్లు పేపర్‌వైట్ నార్సిసస్ అనే మరో దుంపపువ్వు తెచ్చుకోవచ్చు. దానికి చలి అక్కర్లేదు, గులకరాళ్లు, నీళ్లు పోసిన గిన్నెలో పెడితే నాలుగైదు వారాల్లో తెల్లగా పూస్తుంది, వాసన కూడా ఘాటుగానే ఉంటుంది. డిసెంబరు మొదటి వారంలో గిన్నెలో పెడితే సంక్రాంతి ముందూ వెనకల్లో పువ్వు వస్తుంది.